రోహిణి కార్తెకు ముందే ల్యాప్‌టాప్ వేడి సంగతి చూసుకోండి

మే 25 దగ్గర్లో రోహిణి కార్తె వస్తుంది. గదిలోనే 38 డిగ్రీలుంటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోపలికి లాక్కునేదీ ఆ వేడిగాలే. జనవరిలో 85 దగ్గర ఆగిన ప్రాసెసర్ అదే పనికి ఇప్పుడు 95 దాటుతుంది. చాలా ఇంటెల్ చిప్పులు 100 డిగ్రీలు తాకగానే తమ వేగం తామే తగ్గించేసుకుంటాయి. మనమేమో సిస్టమ్ పాతబడిందనుకుంటాం. ఏప్రిల్‌లోనే ఒక ఆదివారం దీనికి పెట్టండి.

ముందు కొలవండి. ప్రాసెసర్ వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో (HWiNFO) యాప్ తెరిచి ఖాళీగా ఉన్నప్పుడు ఎంతుందో, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి పరీక్షించే సినీబెంచ్ పది నిమిషాలు తిప్పాక ఎంతుందో కాగితం మీద రాసుకోండి. ఈ రెండు అంకెలు లేకపోతే తర్వాత ఏం మార్చినా తగ్గిందని మనసుకు సర్దిచెప్పుకోవడమే.

తర్వాత దుమ్ము. అడుగు మూత విప్పితే ఫ్యాన్‌కీ లోహపు రెక్కలకీ మధ్య దూదిపొరలా పేరుకుని ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు బ్యాటరీ మార్పించండి. పరుపు మీద వాడొద్దు. వెనకవైపు రెండు సీసా మూతలు ఎత్తు పెట్టినా కిందనుంచి గాలి ఆడుతుంది. నీళ్ల కూలర్‌కు ఎదురుగా మాత్రం పెట్టకండి, ఆ తేమ బోర్డుకు మంచిది కాదు.

ఫ్యాన్ వేగానికి లెనోవో వాంటేజ్, ఆసుస్ ఆర్మరీ క్రేట్ లాంటి కంపెనీ యాప్ ఉంటే అదే వాడండి. బయటి ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో మీ మోడల్‌ది కాని ప్రొఫైల్ ఎక్కిస్తే ఫ్యాన్ అసలు తిరక్కపోవచ్చు. రెండు యాప్‌లు ఒకేసారి నడిపితే ఒకటి పెంచుతుంది, ఇంకొకటి దించుతుంది. మోత భరించలేక 75 డిగ్రీల దాకా ఫ్యాన్ ఆపేసేవాళ్లున్నారు. చలికాలంలో నడిచిపోతుందేమో, మేలో వద్దు.

ఇక అండర్‌వోల్టింగ్, అంటే ప్రాసెసర్‌కు అందే వోల్టేజిని కాస్త తగ్గించడం. ప్రాసెసర్ ఖర్చుచేసే కరెంటు వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 1.10 వోల్టులు 1.00కి దిగితే అదే వేగం దగ్గర ఆ ఖర్చు దాదాపు 17 శాతం తగ్గుతుంది. వేడీ అంతే. ఇంటెల్‌లో వోల్టేజి మార్చే థ్రాటిల్‌స్టాప్ యాప్ తెరిచి కోర్, క్యాష్ రెండింటికీ మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి, పదేసి చొప్పున దిగండి. మైనస్ గుర్తు ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, అది లేకపోతే వోల్టేజి పెరుగుతుంది. పరీక్షించేటప్పుడు ‘డు నాట్ సేవ్ వోల్టేజెస్’ ఎంచుకుంటే, క్రాష్ అయినా రీస్టార్ట్‌తో పాత స్థితికి వస్తుంది.

థ్రాటిల్‌స్టాప్‌లో వోల్టేజి స్లైడర్ కదలకపోతే మీ తప్పు కాదు. 2019 డిసెంబరులో వోల్టేజి మార్పును వాడుకుని దాడి చేయగల ప్లండర్‌వోల్ట్ అనే భద్రతాలోపం బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వోల్టేజి మార్చే వీలును మూసేశారు. పాత బయోస్‌కు వెనక్కి వెళ్లమని వీడియోల్లో చెప్తుంటారు. బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌తో నేనైతే ఆ జోలికి పోను. దానికి బదులు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించండి. ఇంటెల్‌లో టర్బో, అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ తనంతట తాను పెంచుకునే అదనపు వేగం, ఆగిపోతుంది. వేగం కొంత పోతుంది కానీ వేడి తగ్గడం చేతికే తెలుస్తుంది.

నేను మైనస్ 120 దాకా వెళ్లాను. సినీబెంచ్ గంటసేపు చెక్కుచెదరలేదు. అదే రాత్రి వీడియో పాజ్ చేసి మంచినీళ్లు తెచ్చుకునేలోపు నీలం తెర! సేవ్ చేయని ఎక్సెల్ షీట్ గోవిందా. లోడ్ మీద నిలబడే వోల్టేజి ఖాళీగా ఉన్నప్పుడు చాలకపోవచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మైనస్ 80 దగ్గర ఆపేశాను. మీకు క్రాష్ రాకపోయినా విండోస్ పొరపాట్లను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో ‘WHEA’ అనే హార్డ్‌వేర్ ఎర్రర్లు కనిపిస్తుంటే 10, 20 మిల్లీవోల్టులు వెనక్కి రండి. వారంపాటు స్లీప్‌లోకి వెళ్లి లేచి, మామూలు పనంతా చేసి ఇబ్బంది పెట్టలేదనుకున్నాకే థ్రాటిల్‌స్టాప్‌ను స్టార్టప్‌లో పెట్టండి.