లాగగానే వెనుక చక్రాలు ఎగిరిపడుతుంటే: బుష్‌లు ముందు, డిఫరెన్షియల్ తర్వాత

ఆగి ఉన్న కారును యాక్సిలరేటర్ తొక్కి ఒక్కసారిగా లాగినప్పుడు వెనుక నుంచి దడదడమని దెబ్బలు వినిపించి, సీటు కింద నేల అదిరి, కారు మాత్రం అనుకున్నంతగా ముందుకు ఉరకకపోతే అది వీల్ హాప్. నెల్లూరు, ఒంగోలు వైపు ఇంజిన్ బలం వెనుక చక్రాలకు వెళ్లే స్పోర్ట్స్ కార్లు కొన్నవారిలో చాలామంది ఈ శబ్దం వినగానే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ధర వాకబు చేస్తారు. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, లిమిటెడ్ స్లిప్ రకం ఒక చక్రమే జారి తిరిగిపోకుండా అడ్డుకుంటుంది. అది వరుస తప్పిన పని. కదలకూడని చోట కదులుతున్న రబ్బరును, అంటే లోహపు భాగాల కీళ్లలో ఉండే బుష్‌లను, ముందు కట్టడి చేయాలి. డిఫరెన్షియల్ సంగతి ఆ తర్వాతే.

జరిగేది ఇది. టైరు రోడ్డును పట్టుకుని ఉండగా ఇంజిన్ తిప్పే బలానికి టైరు పక్కగోడ, యాక్సిల్ షాఫ్టు, రబ్బరు బుష్‌లు అన్నీ తడిబట్టను పిండినట్టు మెలిపడతాయి. పట్టు తప్పగానే టైరు జారి, ఆ మెలి ఒక్కసారిగా విడిపోతుంది. మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలిపడుతుంది. సెకనుకు పలుమార్లు ఇదే తంతు. పట్టు దొరికిన ప్రతిసారీ షాఫ్టు మీద పడే దెబ్బ ఇంజిన్ మామూలుగా ఇచ్చే బలం కన్నా చాలా ఎక్కువ. యాక్సిల్ షాఫ్టులు, వాటి చివరి జాయింట్లు, డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే చెవులు విరిగేది ఇందువల్లే. కాబట్టి అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది ఒకటుంది: దడ మొదలైన క్షణంలోనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. తొక్కి పట్టుకుంటే అదే సర్దుకుంటుందన్న ఆశతో షాఫ్టులు విరగ్గొట్టుకున్నవారు ఉన్నారు.

ఉదాహరణగా ఫోర్డ్ మస్తాంగ్ జీటీని తీసుకుంటాను. 2016లో మన దేశానికి వచ్చిన ఈ కారులో 5.0 లీటర్ల వి8 ఇంజిన్ ఉంది. 2014 మోడల్ దాకా మామూలు మస్తాంగ్‌లకు వెనుక ఒకే గట్టి యాక్సిల్ ఉండేది. 2015 మోడల్ నుంచి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే సస్పెన్షన్ వచ్చింది. ప్రయాణం మెత్తబడింది, అయితే మెత్తదనం కోసం వేసిన రబ్బరే వీల్ హాప్‌కూ చోటిచ్చింది.

డబ్బు ఖర్చు పెట్టకముందు

టైరు చూడండి. పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం. ఇలాంటి కార్లు ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటాయి కాబట్టి టైరు అరగకుండానే ముసలిదవుతుంది. గీతలు లోతుగా కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి ఉంటే పట్టు నిలకడగా ఉండదు, జారుతూ పట్టుతూ ఉంటుంది. వీల్ హాప్‌కు కావలసింది సరిగ్గా అదే.

గాలి ఒత్తిడిని తెల్లవారుజామున, కారు కదలకముందే కొలవాలి. మే నెలలో మధ్యాహ్నం రోడ్డు మీద తిరిగి వచ్చి కొలిస్తే అంకె ఎక్కువగా చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మరునాటి ఉదయానికి టైరు మెత్తబడి, పక్కగోడ ఇంకా ఎక్కువగా మెలిపడుతుంది. డ్రైవర్ తలుపు దగ్గరి పట్టీ మీద రాసి ఉన్న ఒత్తిడితోనే పరీక్ష మొదలుపెట్టండి.

రోడ్డునూ గమనించండి. మైపాడు తీరం వైపు తారు మీద ఇసుక పరచుకుని ఉంటుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెంట రాతిపొడి రాలుతుంది. అలాంటి చోట అడుగు దూరంలో పట్టు ఉండి, తర్వాతి అడుగులో ఉండదు. అక్కడ మాత్రమే చక్రాలు ఎగిరిపడి, శుభ్రమైన రోడ్డు మీద మామూలుగా ఉంటే కారు విప్పనక్కర్లేదు, చక్రం జారితే ఇంజిన్ బలాన్ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆపకుండా ఉంటే చాలు.

లక్షణం: శుభ్రమైన రోడ్డు మీద కూడా రెండు చక్రాలూ కలిసి ఎగురుతున్నాయి

ఎక్కువమంది కష్టం ఇదే. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ సబ్‌ఫ్రేమ్, డిఫరెన్షియల్ బుష్‌లలోనే దొరుకుతుంది.

వెనుక సస్పెన్షన్ చేతులు, డిఫరెన్షియల్ అన్నీ ఒక ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి. ఆ చట్రమే సబ్‌ఫ్రేమ్. అది నాలుగు మూలల్లో పెద్ద రబ్బరు బుష్‌ల ద్వారా కారు బాడీకి తగులుకుని ఉంటుంది. చక్రాలు ముందుకు తిరిగేటప్పుడు డిఫరెన్షియల్ హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, అంటే దాని ముక్కు, ఇంజిన్ బలం అందుకునే చిన్న గేరు (పినియన్) ఉండే భాగం, పైకి లేస్తుంది. డిఫరెన్షియల్ బుష్ నలుగుతుంది, దానితో సబ్‌ఫ్రేమ్ కూడా వంగుతుంది. ఒక రబ్బరు మీద ఇంకో రబ్బరు, ఆ పైన టైరు రబ్బరు. ఇన్ని స్ప్రింగులు వరుసగా కూర్చిన కారు ఎగరకుండా ఎలా ఉంటుంది?

నిర్ధారణకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. కారును లిఫ్టు మీద ఎత్తి, సబ్‌ఫ్రేమ్ అంచు నుంచి బాడీ మీదికి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీయండి. డిఫరెన్షియల్ చెవికీ, దాన్ని పట్టిన బోల్టుకూ అలాగే గీయండి. మూసివున్న సొంత స్థలంలో ఒకసారి లాగి వచ్చాక గీతలు చీలిపోయి ఉంటే ఆ భాగం జరిగి, తిరిగి తన చోటికి రాలేదన్నమాట. గీత చెక్కుచెదరకపోయినా నిర్దోషి అనుకోవద్దు. రబ్బరు సాగి వెనక్కి వచ్చి ఉండవచ్చు. అప్పుడు రాడ్డుతో ఎగదన్ని చూడాలి. రబ్బరులో చీలికలు కనిపిస్తే, లోహపు గొట్టం నుంచి రబ్బరు ఊడివస్తుంటే కారణం దొరికినట్టే. వెనుక చక్రం పక్కన ఫోను నిలబెట్టి స్లో మోషన్‌లో వీడియో తీస్తే చక్రం ముందువెనుకలుగా ఊగుతోందా, పైకీ కిందికీ ఎగురుతోందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది.

బుష్ చిరిగి ఉంటే కొత్త కంపెనీ బుష్ వేసి చూడటం మొదటి మెట్టు. రోజూ తిరిగే కారుకు చాలాసార్లు అంతే చాలు. బాగున్నా ఎగురుతుంటే సబ్‌ఫ్రేమ్ బుష్ ఖాళీల్లో కూర్చునే గట్టి ఇన్సర్టులు వేయండి. ఖర్చుకు తగిన ఫలితం ఇంతగా ఇచ్చే భాగం వెనుక సస్పెన్షన్‌లో నాకు ఇంకొకటి కనిపించలేదు. తర్వాతిది డిఫరెన్షియల్ బుష్: పాలియురేథేన్ వేస్తే లోపల గేర్ల రొద కొంచెం పెరుగుతుంది. అల్యూమినియం వేస్తే ఆ రొద చెన్నై దాకా మీతోనే ప్రయాణిస్తుంది. జాతీయ రహదారి 16 మీద గంటల తరబడి కుటుంబంతో వెళ్లే కారుకు నేను అల్యూమినియం వేయించను.

ఆ తర్వాతవి వెనుక నకిల్‌ను (చక్రపు హబ్బు బిగిసే లోహపు ముక్కను) పట్టే నిలువు లింకు, చక్రం దిశను కాచే టో లింకు. మస్తాంగ్‌లో ఈ నిలువు లింకు రబ్బరు చివరల స్థానంలో గోళాకార బేరింగులు ఉన్నది వేస్తే చక్రం ముందువెనుకలుగా ఊగడం బాగా తగ్గుతుంది. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి బేరింగు మీద రబ్బరు తొడుగు ఉన్న రకమే తీసుకోవాలి.

బిగింపులో ఒక జాగ్రత్త. రబ్బరు బుష్ ఉన్న చేతుల బోల్టులను కారు గాలిలో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. చక్రాల మీద బరువు ఆనించి, కారు నిలబడే ఎత్తులోనే టార్క్ రెంచితో బిగించాలి. లేకపోతే కారు దించగానే రబ్బరు మెలిపడి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. సబ్‌ఫ్రేమ్ కదిలించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, వెనుక చక్రాలకు కూడా.

లక్షణం: ఒక పక్కే ఎగురుతోంది

ఆ పక్క షాక్ అబ్జార్బర్ నూనె కారుస్తోందేమో చూడండి. దానిలో లోపం లేకపోతే టో లింకు చివర ప్లే (వదులు) వచ్చిందేమో పరీక్షించండి. రెండూ బాగుంటే అప్పుడు డిఫరెన్షియల్ వైపు వెళ్లాలి. ఓపెన్ డిఫరెన్షియల్ (జారుడును అడ్డుకోని మామూలు రకం) అయితే, లేక లోపలి క్లచ్ ప్లేట్లు అరిగిన లిమిటెడ్ స్లిప్ అయితే, పట్టు తక్కువున్న చక్రమే తిరుగుతూ ఎగురుతుంది.

లక్షణం: స్ప్రింగులు మార్చి కారును కిందికి దించాక మొదలైంది

కిందికి దించిన కారులో పాత షాక్‌లే ఉంచితే గట్టి స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని అవి ఆపలేవు. స్ప్రింగులకు తగిన షాక్‌లు వేసి, సర్దుబాటు ఉన్న రకమైతే రీబౌండ్‌ను, అంటే స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు షాక్ ఇచ్చే అడ్డును, ఒక్కో మెట్టు పెంచుతూ చూడండి. మరీ బిగిస్తే గతుకుల మీద చక్రం నేలకు తిరిగి రాకముందే ఇంకో గతుకు వస్తుంది.

డిఫరెన్షియల్ మార్చదలిస్తే

బుష్‌లు బిగిశాక, చక్రాలు నిలకడగా ఉన్నాక మార్చండి. కారణం చెబుతాను. ఓపెన్ డిఫరెన్షియల్‌తో ఒక చక్రం ఎగురుతున్న కారుకు బుష్‌లు ముట్టకుండా లిమిటెడ్ స్లిప్ వేస్తే రెండు చక్రాలూ కలిసి ఎగురుతాయి. షాఫ్టుల మీద భారం పెరుగుతుంది. డిఫరెన్షియల్ గేరు నిష్పత్తి మార్చినా అంతే. 3.15 తీసి 3.73 వేస్తే చక్రం దగ్గర టార్క్ 18 శాతం దాకా పెరుగుతుంది. సమస్య కూడా ఆ మేరకు ముదురుతుంది.

రకం ఎంచుకోవడంలో నా మొగ్గు రోడ్డు కారుకు హెలికల్ గేర్లున్న టోర్సెన్ తరహాకే. అరిగే క్లచ్ ప్లేట్లు ఉండవు, మలుపుల్లో మృదువుగా పనిచేస్తుంది. దానికీ ఒక బలహీనత ఉంది: ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే రెండో చక్రానికి బలం పంపలేదు. అంటే ఎగిరే కారులో అది సాయం చేయలేదు. ముందుగా సస్పెన్షన్ సరిచేయాలి అనడానికి ఇది ఇంకో కారణం.

నెల్లూరు ఆటోనగర్‌లో లారీ హౌసింగులు విప్పి బిగించే మేస్త్రీలకు క్రౌన్ వీల్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ అమరిక చేతి మీది పని. ఆ నేర్పును నమ్మవచ్చు. చెప్పవలసింది రెండే. పళ్ల మధ్య ఖాళీని ఈ కారు సర్వీసు పుస్తకంలోని అంకె ప్రకారం డయల్ గేజితో కొలవాలి. లారీకి పోసే నూనె దీనికి పోయకూడదు.

నూనె మారిందంటే లక్షణం వెంటనే బయటపడుతుంది. ఒంగోలు వైపు నుంచి ఒక కారు ఇలాగే వచ్చింది. నెమ్మదిగా మలుపు తిప్పితే వెనుక నుంచి గరగరమని వణుకు, తిన్నగా పోతే ఏమీ లేదు. వీల్ హాప్ తిరగబెట్టిందని యజమాని భయం. అది క్లచ్ రకం డిఫరెన్షియల్, పోసింది లారీ నూనె. క్లచ్ రకానికి ప్లేట్లు వణకకుండా జారనిచ్చే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిసిన జీఎల్-5 తరగతి గేరు నూనె కావాలి. నూనె మార్చి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా తిప్పాక వణుకు పోయింది. అలా కాక, వేగం పెంచినప్పుడు సన్నటి ఈల వినిపిస్తే అది నూనె లోపం కాదు. పళ్ల అమరిక మళ్లీ చూడాలి.

కొత్త క్రౌన్ వీల్, పినియన్ వేశాక మొదట పావుగంట నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా కొన్నిసార్లు చేశాకే వేగం పెంచాలి. 800 కిలోమీటర్లకు నూనె మార్చి, అడుగు ప్లగ్గుకు అంటిన లోహపు పొడిని చూడండి. మెత్తటి బూడిదలాంటి పొడి మామూలే. గుచ్చుకునే రేకులు కనిపిస్తే హౌసింగ్ విప్పాలి.

ఇంకా ఎగురుతుంటే

షాఫ్టులే మిగులుతాయి. రెండు వైపులా ఒకే మందం ఉంటే రెండూ ఒకే లయలో మెలిపడి విడిపోతాయి. కాడిలాక్ 2009 సీటీఎస్-విలో ఒక షాఫ్టును 35 మి.మీ., రెండోదాన్ని 55 మి.మీ. వ్యాసంతో చేసి ఈ లయను చెడగొట్టారు. మస్తాంగ్‌కు బలమైన షాఫ్టులు విడిగా దొరుకుతాయి. ఖర్చు ఎక్కువ కాబట్టి పైన చెప్పినవన్నీ అయ్యాకే వాటి వైపు వెళ్లండి.

పరీక్ష రహదారి మీద వద్దు. జాతీయ రహదారి 16 మీద కృష్ణపట్నం పోర్టు లారీల మధ్య ఇలాంటి పని చేయడం ఇతరుల ప్రాణాలతో ఆట. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ అనుమతి లేని వేగపు పందేలను నిషేధిస్తుంది. ట్రాక్ కావాలంటే శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ఉంది. అలాగే 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది కాబట్టి, భాగాలు కొనేముందు రవాణా కార్యాలయంలో అడగండి. బీమా సంస్థకు మార్పుల సంగతి రాతపూర్వకంగా తెలియజేసి, వారి జవాబును బండి కాగితాలతో పాటు ఉంచుకోండి.