బిట్లతో సీఏ ఇంటర్ – 4వ పాఠం: టిక్ పడిన బిట్టును నమ్మొద్దు

పోయిన పాఠంలో తప్పుల నోట్‌బుక్ పెట్టమన్నాను. పెట్టారు, సంతోషం. తీరా చూస్తే చాలామంది పుస్తకాల్లో ఒకటే వరస: "17 – బి", "23 – డి". కీలో ఉన్నది ఎర్ర ఇంకుతో ఎక్కించి ఊరుకున్నారు. వారం తర్వాత అదే పేపరు రాసి, నూటికి తొంభై దాటాయని సంబరం! దాన్ని బట్టీ అంటారు. పరీక్షలో అంకెలు మారతాయి, ఆప్షన్ల వరస మారుతుంది.

అందుకని ఇవాళ్టి ఏఎస్-10 (స్థిరాస్తుల అకౌంటింగ్ స్టాండర్డ్) బిట్లు వచ్చే పాఠానికి నెట్టేస్తున్నాను. ముందు ఈ సంగతి తేలాలి.

కొత్త స్కీములో, అంటే 2024 మే నుంచి, ఇంటర్ ప్రతి పేపర్లో 30 మార్కులు బిట్లే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీ వదలకూడదని మీకు చెప్పక్కర్లేదు. (ఫౌండేషన్ రాసే తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే వాళ్లకు ఇది చెప్పకండి. వాళ్లకు మూడు, నాలుగు పేపర్లలో తప్పుకు పావు మార్కు పోతుంది.)

ఇక ఏఎస్-2 (సరుకు నిల్వకు విలువ కట్టే స్టాండర్డ్) బిట్టు. మన గుంటూరు యార్డు లెక్కే తీసుకుందాం.

ఒక వ్యాపారి 100 టిక్కీల (బస్తాల) మిర్చి 5,00,000 రూపాయలకు కొన్నాడు. తెచ్చుకోవడానికి లారీ కిరాయి 15,000, దింపుడు హమాలీ 5,000, కోల్డ్ స్టోరేజీ అద్దె 20,000. మార్చి 31న 40 టిక్కీలు మిగిలాయి. టిక్కీ 5,250కి అమ్ముడుపోతుందని అంచనా, అమ్మితే కమీషన్ 150. ముగింపు సరుకు విలువ ఎంత?

ఎ) 2,16,000 బి) 2,08,000 సి) 2,04,000 డి) 2,10,000

జవాబు సి. కొన్న ధరకు కిరాయి, హమాలీ కలిపితే టిక్కీ ఖర్చు 5,200. కమీషన్ పోగా ఎన్ఆర్‌వీ, అంటే అమ్మితే నికరంగా చేతికొచ్చేది, 5,100. ఈ రెండింటిలో తక్కువదే తీసుకోవాలి కాబట్టి 5,100, దాన్ని 40తో హెచ్చించాలి.

మిగతా మూడూ ఊరికే పడేసిన అంకెలు కావు. కోల్డ్ స్టోరేజీ అద్దె ఖర్చులో కలిపి అక్కడే ఆగినవాడికి ఎ వస్తుంది. ఎన్ఆర్‌వీ చూడనివాడికి బి. చూసి, కమీషన్ తీసేయడం మరిచినవాడికీ బినే. అద్దె కలిపి, కమీషన్ కూడా మరిస్తే 5,400కూ 5,250కూ మధ్య తక్కువది చూసి డి పెడతాడు. మీ నోట్‌బుక్‌లో "జవాబు సి" అని రాసి ఉంటే, ఈ దారుల్లో మీరు ఏ దారిన పోయారో అందులో ఎక్కడుంది?

నాకు అసలు చిరాకు తెప్పించేది మాత్రం వేరే. అద్దె కలిపి 5,400 వేసుకున్నవాడు ఎన్ఆర్‌వీ సరిగ్గా కడితే? తక్కువది 5,100. వాడికీ సి వస్తుంది! టిక్ పడుతుంది, పేజీ తిప్పేస్తాడు. నిల్వ ఖర్చు సరుకు ఖర్చులో కలవదని వాడికి ఇప్పటికీ తెలియదు. (కారం మిల్లులో తయారీ మధ్యలో, తర్వాతి దశకు ముందు నిల్వ తప్పనిసరైతే కలుపుతాం. వ్యాపారి ధర కోసం దాచుకుంటే కలపం.) అదే తప్పు డెబ్బై మార్కుల థియరీ, లెక్కల భాగంలో బయటపడుతుంది. అక్కడ స్టెప్పు స్టెప్పుకూ మార్కులు పోతాయి.

కాబట్టి టిక్ పడిన బిట్టుకూ ఒక లైను రాయాలి: ఏ రూలుతో వచ్చింది. రూలు గుర్తు రాకపోతే అది తప్పు కిందే లెక్క. నా వరకైతే ఆప్షన్ల మీద అట్టముక్క పెట్టి, జవాబు కట్టాకే తీస్తాను. ఫోన్ యాప్‌లో బిట్లు చేయడం నాకు నచ్చదు, నొక్కగానే పచ్చరంగు వెలిగి ఆలోచన ఆపేస్తుంది. ఇన్‌స్టిట్యూట్ ఎమ్‌టీపీలు (మాక్ టెస్ట్ పేపర్లు), ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు) ప్రింటు తీసుకోండి. బ్రాడీపేటలో జిరాక్సుకు కొదవా?

అభ్యాసం: పై బిట్టులో అమ్మకం ధర ఒక్కటే మార్చండి. అద్దె కలిపినవాడికి సరైన జవాబు రాకూడదు. టిక్కీ ధర ఎంత దాటాలి? తర్వాత అదే పద్ధతిలో ఏఎస్-2 మీద మీరే మూడు బిట్లు తయారు చేయండి. ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా అది ఏ పొరపాటు వల్ల వస్తుందో రాయాలి. కారణం రాయలేని ఆప్షన్‌ను కొట్టేసి ఇంకోటి పెట్టండి. మూడింటికి ఒక సాయంత్రం పడుతుంది, తొందరపడొద్దు.