గోడ మూలనున్న పోత ఇనుప పైపు కోయడానికి

పాత ఇళ్లలో 4 అంగుళాల పోత ఇనుప మురుగు పైపు గోడను అంటుకునే ఉంటుంది. గ్రైండర్ (ఇనుము కోసే చక్రం ఉన్న చేతి యంత్రం) ముందువైపు బాగానే తిరుగుతుంది, వెనక్కి వేలు కూడా దూరదు. దానికోసం గోడ పగలగొట్టించకండి, పైపుకే కిటికీ తెరవండి.

మొదట పై పైపును క్లాంపులతో గోడకు గట్టిగా బిగించండి. పోత ఇనుము చాలా బరువు, ఆధారం లేకపోతే మొత్తం మీదికి దిగుతుంది. ఆ ఇంట్లో ఎవరూ నీళ్లు వదలకుండా చూసుకోండి. తరువాత 6 అంగుళాల ఎడంతో రెండు అడ్డగీతలు సుద్దతో గీసి, ముందు సగం వరకే కోయండి. వాటిని కలుపుతూ రెండు నిలువు కోతలు పెట్టి సుత్తితో మెల్లగా తట్టితే ముక్క ఊడి వస్తుంది. వెంటనే కింది పైపులో తడిగుడ్డ కుక్కండి, పెంకులు లోపల పడితే కాలువ మూసుకుపోతుంది. ఇక ఆ కిటికీలోంచి చక్రాన్ని లోపలికి పెట్టి, వెనక సగాన్ని లోపలివైపు నుంచి కోయాలి. వెనక గోడకు తగలకుండా నెమ్మదిగా, కొద్దికొద్దిగా. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

2 అంగుళాల పైపుకు ఇది పనిచేయదు, చక్రం లోపల పట్టదు. అక్కడ హాక్సా (ఇనుము కోసే చేతి రంపం) బ్లేడు ఒక చివర గుడ్డ చుట్టి, చేత్తో ఓపిగ్గా కోయడమే.