చైనా పూజా కంచును చూడటం ఎలా: ముందు కాళ్లు, తర్వాతే ముఖం

షాంఘై మ్యూజియంలోనో, తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలోనో సుమారు మూడు వేల ఏళ్ల నాటి షాంగ్, ఆ తర్వాత వచ్చిన జౌ రాజవంశాల కంచు పాత్రల ముందు నిలబడితే చూపు ముందు పొట్ట మీది ముఖానికే అతుక్కుంటుంది. రెండు గుడ్ల కళ్లు, కొమ్ములు, కింది దవడ లేని నోరు. దాని పేరు తావ్‌తియె. కాసేపు దాన్ని వదిలేయండి. అది వంట పాత్ర మీదా ఉంటుంది, తాగే పాత్ర మీదా ఉంటుంది. పాత్ర పనేమిటో చెప్పేవి కాళ్లు, మూతి, చెవులు.

మూడు గట్టి కాళ్లు, అంచు మీద నిలబడ్డ రెండు చెవులు ఉంటే డింగ్. మాంసం ఉడికించడానికి, వడ్డించడానికి వాడేవారు. నలుచదరపు డింగ్‌కు నాలుగు కాళ్లుంటాయి. కాళ్లు బోలుగా ఉండి పొట్టలో కలిసిపోతే లీ. మంట తగిలే జాగా ఎక్కువ, త్వరగా కాగుతుంది. లీ మీద చిల్లుల పళ్లెం, దానిపైన ఇంకో పాత్ర కూర్చుంటే యన్. మన కుడుముల గిన్నె పద్ధతే. గుండ్రటి పీఠం మీద కూర్చుని పక్కన పిడులున్నది గ్వే, అందులో ఉడికించిన ధాన్యం పెట్టేవారు.

మద్యం పాత్రల్లో జ్వే సులువుగా దొరుకుతుంది: కత్తుల్లాంటి మూడు కాళ్లు, ఒకవైపు పొడుగు మూతి, రెండోవైపు మొనదేలిన తోక, అంచు మీద రెండు చిన్న కంబాలు. కొన్నిటి అడుగున మసి దొరికింది, అంటే మద్యాన్ని వెచ్చబెట్టేవారన్నమాట. దీని జోడీ గు, బూర ఆకారపు పొడవాటి గ్లాసు. షాంగ్‌ల చివరి రాజధాని అన్యాంగ్‌లో 1976లో తవ్విన ఫూ హావ్ రాణి సమాధిలో 53 గు, 40 జ్వే బయటపడ్డాయి. చేతులు కడిగే నీళ్లు పోసేది యీ, కింద పట్టే వెడల్పు పళ్లెం పాన్.

ఇవి ప్రధానంగా పితృదేవతల కోసం. జౌ కాలపు పూజలో వంశంలోని కుర్రవాడొకడు చనిపోయిన తాత స్థానంలో కూర్చుని తిని తాగేవాడు. తద్దినంలో భోక్తను చూసినవారికి ఇది వింతగా తోచదు.

చాలామంది ఒక్క పాత్రను చూసి యజమాని హోదా చెప్పేస్తారు. హోదా లెక్కలో ఉంటుంది. జౌ మర్యాద ప్రకారం రాజుకు 9 డింగ్‌లు, 8 గ్వేలు. సామంతుడికి 7, 6. మంత్రికి 5, 4. కాలం కూడా సెట్టును బట్టే తెలుస్తుంది. షాంగ్ వంశాన్ని తాగుడే ముంచిందని జౌ పాలకులు నమ్మారు. పశ్చిమ జౌ (జౌ పాలన తొలి భాగం) మధ్య నాటికి జ్వే, గు దాదాపు మాయమయ్యాయి, డింగ్, గ్వేల వరసలు పెరిగాయి. కాబట్టి గు, జ్వే జోడీ కనిపిస్తే షాంగ్ కాలమో, జౌ తొలినాళ్లో అనుకోవచ్చు.

తర్వాత లోపలికి తొంగిచూడండి. షాంగ్ పాత్రల్లో సాధారణంగా రెండు మూడు అక్షరాలే ఉంటాయి: వంశ చిహ్నం, 'తండ్రి యీ' లాంటి పేరు. ఈ యీ నీళ్ల పాత్ర కాదు, పది రోజుల వారంలో ఒక రోజు పేరు. ఆ పితరుడికి పూజ ఆ రోజే. జౌ కాలంలో రాత పొడుగైంది. తైపేలోని మావ్ గుంగ్ డింగ్‌లో దాదాపు 500 అక్షరాలున్నాయి.

అసలుదా, నకిలీదా అన్నదానికి అతుకు చూడండి. మన స్థపతుల మైనపు పోతలో అతుకు ఉండదు. అన్యాంగ్ పోతగాళ్లు మట్టి నమూనా మీద మట్టి అచ్చును ముక్కలుగా తీసి, నమూనాను లోహం మందం మేర చెక్కి లోపలి గుండుగా వాడి, మధ్యలో చిన్న కంచు ముక్కలు ఆనించి, తలకిందులుగా పోసేవారు. ముక్కలు కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది. జ్వే పిడి కింద, కాళ్ల మధ్య వెతకండి. నిలువు రెక్కలు చాలావరకు ఆ అతుకు మీదే వస్తాయి. అతుకు జాడే లేని 'షాంగ్' పాత్రను అనుమానించాలి. అక్షరాల గాడిలో ఉలి గాట్లు కనిపించినా, గాడి ఆకుపచ్చ పొరను కోసుకుని వెళ్లినా రాత తర్వాత చేర్చిందేమోనని అనుమానించాలి.

ఆ పచ్చదనం భూమి పెట్టింది. కొత్తలో ఇవి బంగారంలా మెరిసేవి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం లోపలి క్లోరైడ్లు తేమకు కంచును తినేస్తున్నట్టు. పొడి గాలిలో పెట్టి నిపుణులకు చూపించాలి. చింతపండు పెట్టి తోమితే పొర పోతుంది, సమాధిలో పాత్రకు చుట్టిన బట్ట నేత ముద్ర ఉంటే అదీ పోతుంది.