చల్లనీళ్లకు పళ్లు జివ్వుమంటే: నా అనుభవం

పై కోరపన్ను, దాని పక్క పన్ను చల్లనీళ్లు తగిలితే చాలు జివ్వుమనేవి. పుచ్చు లేదు. చిగురు జరిగి, పంటి మొదట్లో గోరు తగులుకునేంత గాడి. గట్టి బ్రష్‌తో అడ్డంగా బరబరా రుద్దితే పడేది ఇదే; అక్కడ ఎనామిల్ (పంటి పై గట్టి పొర) పోయి, దాని కింద ఉండే డెంటిన్ అనే పొర బయటపడుతుంది.

ముందు బ్రష్ మార్చాలి: ‘సాఫ్ట్’ రకం. కుచ్చును చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో ఆనించి, మెల్లగా కదిపి, పంటి కొస వైపు లాగాలి. రెండు పూటలా, రెండేసి నిమిషాలు.

పేస్టు 5 శాతం పొటాషియం నైట్రేట్ (జివ్వుమనడాన్ని తగ్గించే మందు) ఉన్నది, శనగగింజంత. ఉమ్మేశాక పుక్కిలించకూడదు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే, మందంతా సింకులోకి పోతుంది. పడుకునే ముందు కాస్త వేలితో గాడికి రాసి వదిలేయొచ్చు. తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు. ఈలోపు పేస్టులు మారుస్తూ పోతే ఏదీ పనిచేయదు.

నిమ్మరసం, కూల్‌డ్రింకు తాగాక అరగంట బ్రష్ ముట్టొద్దు. బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి అసలే వద్దు.

గాడి లోతుగా ఉంటే డాక్టరు ఫిల్లింగ్ పెడతారు. చల్లదనం పోయాక కూడా నొప్పి నిలిచినా, వేడికి సలిపినా, రాత్రి నిద్ర లేపినా పేస్టుతో కాలయాపన చేయకండి. అది పంటి లోపల నరం వాపు కావచ్చు.