వేసవి చివరి మూడు వారాలు: ఏడుగురు పిల్లలున్న ఇంట్లో చదువు మళ్లీ మొదలుపెట్టడం ఎలా

మా ఇంట్లో ఏడుగురు పిల్లలు. పెద్దోడికి 15, పెద్దమ్మాయికి 13, కవలలకి 10, చిన్నదానికి 7, బుజ్జిగాడికి 5, చంటిదానికి ఏడాదిన్నర. చంటిది తప్ప అందరి చదువూ ఇంట్లోనే. వేసవి అయిపోవస్తుందంటే నాకు ఒకప్పుడు చాలా టెన్షన్‌గా ఉండేది. ఏ పుస్తకాలు తేవాలి, ఏ సిలబస్ పట్టుకోవాలి అని రాత్రిళ్లు జాబితాలు రాసుకునేదాన్ని. అసలు కొరత పుస్తకాలది కాదని నాలుగో ఏడు గానీ అర్థం కాలేదు. పిల్లలు ఏడుగురు, అమ్మ ఒక్కతే. అందుకని చదువు మొదలయ్యే ముందు ఈ మూడు వారాల్లో నేను చేసే పనంతా నా సమయాన్ని ముందే పంచిపెట్టుకోవడం. మీ ఇంట్లో ముగ్గురున్నా పద్ధతి ఇదే, కాకపోతే గొడవ కాస్త తక్కువ.

మొదట కాగితాల పని. ఇంట్లో చదివిస్తున్నామని ఏటా తెలియజేయాలా, హాజరు రాయాలా, పరీక్ష రాయించాలా అన్నది ఉండే చోటును బట్టి మారుతుంది. మీ దగ్గర గడువు తేదీ ఉంటే ఇవాళే క్యాలెండర్‌లో చుట్టేయండి. నేను ఒక ఏడాది ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి గుర్తుచేసుకున్నాను. ఆ రాత్రి సంగతి వదిలేద్దాం.

తర్వాత నిద్ర. వేసవిలో మా వాళ్లు తొమ్మిదింటికి లేస్తారు. పాఠాల రోజుల్లో ఏడింటికి లేవాలి. ఒక్కరోజులో రెండు గంటలు ముందుకు లాగితే ఆ వారమంతా ఇల్లు ఏడుపులే. రెండు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. రెండు గంటలంటే ఎనిమిది మెట్లు, మొత్తం 16 రోజులు. నేను మూడు వారాలు అనడానికి కారణం ఇదే. పడుకునే వేళతో మొదలుపెట్టకండి, నిద్ర రాని పిల్లని ఎవరూ పడుకోబెట్టలేరు. లేచే వేళని పట్టుకోండి. లేవగానే కర్టెన్లు తీసి ఎండ మొహాన పడనివ్వండి, రాత్రి నిద్ర దానంతటదే వస్తుంది. ఎంత నిద్ర కావాలన్నదానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క నేను అలమార తలుపు మీద అంటించుకున్నాను: 3 నుంచి 5 ఏళ్లవాళ్లకి పగటి నిద్రతో కలిపి 10–13 గంటలు, 6–12 వాళ్లకి 9–12, 13–18 వాళ్లకి 8–10. మా పెద్దోడు ఆ చివరి అంకె చూపించి నాతో వాదిస్తాడు. వాదించనీ, నిజంగానే వాడికి అంత నిద్ర కావాలి. అందుకే వాడి పాఠాలు అందరికంటే ఆలస్యంగా మొదలవుతాయి.

ఇప్పుడు అసలు పని, పలక. చార్ట్ అన్నా పరవాలేదు, మేం పలకనే అంటాం. ఒక పెద్ద కాగితం మీద పిల్లకొక నిలువు గడి, అరగంటకొక అడ్డ గడి గీయండి. ఎనిమిది నుంచి పన్నెండు వరకు నాలుగు గంటలు, అంటే ఎనిమిది అడ్డ వరసలు. ఎవరు ఏ అరగంటలో ఏం చేస్తారో పెన్సిల్‌తో రాసుకోండి. తర్వాత ఎర్ర పెన్సిల్ తీసుకుని, పక్కన అమ్మ కూర్చుంటే తప్ప జరగని ప్రతి పని మీదా ఒక చుక్క పెట్టండి. కొత్త లెక్క నేర్పడం చుక్క. నేర్చుకున్న లెక్కలు చేసుకోవడం చుక్క కాదు. బుజ్జిగాడు అక్షరాలు కూడబలుక్కోవడం చుక్క. పెద్దమ్మాయి తనంతట తాను చదువుకోవడం కాదు.

చుక్కలు పెట్టాక అడ్డంగా చూడండి. ఒక వరసలో రెండు చుక్కలు ఉండకూడదు, నియమం అంతే. మొదటిసారి గీసినప్పుడు నాకు తొమ్మిదింటి వరసలో నాలుగు చుక్కలు వచ్చాయి. అంతకుముందు మూడేళ్లు రోజూ సరిగ్గా తొమ్మిదింటికే నేను ఎందుకు అరిచేదాన్నో ఆ కాగితం చూశాక తెలిసింది.

పెద్దవాళ్లని కిందికి, చిన్నవాళ్లని పైకి జరుపుతూ పోతే చుక్కలు సర్దుకుంటాయి. కవలలిద్దరూ కలిసి ఒక్క చుక్క. కానీ ఇంకో లెక్క ఉంది. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. చంటిదాని పని, పొయ్యి మీది గిన్నె, తలుపు చప్పుడు, ఎవరికో ముక్కులోంచి రక్తం లాంటివాటికి నేను 90 తీసేస్తాను. మిగిలింది 150. అందులో కవలలకి 30, పెద్దమ్మాయికి 20, చిన్నదానికి 25, బుజ్జిగాడికి పదిహేనేసి నిమిషాలు రెండుసార్లు, చంటిదానికి 20. మొత్తం 125. మిగతా 25 నిమిషాలు ఎవరి పేరునా రాయను, ఎటూ ఎవరో ఒకరు తీసుకుంటారు. పెద్దోడికి వారానికొకసారి సాయంత్రం గంటసేపు కూర్చుంటాను.

చంటిదానికి 20 నిమిషాలెందుకు, దానికి పాఠం లేదుగా అని మా ఆయన అడిగారు. అది మొదటి పాఠం కాబట్టే. దాన్ని తనివితీరా నా ఒళ్లో ఆడించి, ఆ తర్వాతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్తాను. ఒళ్లో కూర్చుని తృప్తిపడ్డ పిల్ల ఒక గంట తన లోకంలో తానుంటుంది. ముందు దూరం పెడితే రోజంతా కాళ్లకి చుట్టుకుంటుంది. పాఠాల వేళ మాత్రమే బయటికి వచ్చే ఒక బొమ్మల పెట్టె కూడా పెట్టుకోండి. మధ్యాహ్నం కల్లా అది అటక ఎక్కేయాలి, లేకపోతే పాతబడిపోతుంది.

బేరం మొత్తం చెడగొట్టేది మాత్రం "అమ్మా" అన్న పిలుపు. ఒకరికి చెబుతుంటే ముగ్గురు పిలుస్తారు. మా ఇంట్లో పిల్లకొక రంగు బట్టల క్లిప్పు ఉంది. నాతో పనిబడితే అరవకూడదు, క్లిప్పు తెచ్చి నా నోట్‌బుక్ అంచుకి తగిలించి వెళ్లాలి. నేను వరసలో ఒక్కొక్కటి తీసుకుంటాను. ఆగేటప్పుడు ఏం చేయాలో కూడా ముందే చెప్పి ఉండాలి: రాని లెక్క పక్కన చుక్క పెట్టి తర్వాతి దానికి వెళ్లు, అదీ రాకపోతే చదువుతున్న కథ తెరువు. రెండో వారానికల్లా తమాషా జరిగింది. చిన్నది క్లిప్పు తగిలించి వెళ్లి, నేను వచ్చేలోపు తనే చేసేసుకుని, మళ్లీ వచ్చి క్లిప్పు తీసుకుపోయింది.

ఇక ఎవరికి ఎంత గుర్తుందో చూడటం. వేసవిలో పిల్లలు మరిచిపోతారా అంటే, 1996లో అమెరికన్ పరిశోధకుడు హారిస్ కూపర్, ఆయన సహచరులు 39 అధ్యయనాలు కలిపి చూసి సగటున ఒక నెల చదువంత వెనకబడతారని తేల్చారు. చదవడం కంటే లెక్కల్లో, అందులోనూ లెక్క చేసే విధానంలో, ఇంకా స్పెల్లింగుల్లో ఎక్కువ పోతుందట. కొలిచిన తీరు మీద తర్వాత వేరేవాళ్లు అభ్యంతరాలు చెప్పారనుకోండి. మా ఇంటి మట్టుకు కథలు చదవడం ఏమీ తగ్గదు, భాగహారం మాత్రం ఎగిరిపోతుంది.

కొత్త పుస్తకం తెరవకండి. పాత పుస్తకం చివరి పావు భాగంలోంచి 12 లెక్కలు ఏరి, గడియారం లేకుండా ఇవ్వండి. మార్కులు వేయకండి. చేతికొచ్చినవి, తడబడినవి, ఎగిరిపోయినవి అని మూడు కుప్పలు చేయండి చాలు. పోయినసారి కవల పిల్లాడికి 618ని 6తో భాగించమని ఇచ్చాను. 13 అని రాశాడు. ఎలా చేశావురా అంటే, ఆరులో ఆరు ఒకసారి, ఒకటిలో ఆరు పోదు, ఎనిమిది దించుకున్నా, 18లో మూడుసార్లు అన్నాడు. పోదు అన్నచోట సున్నా వేయడం మరిచిపోయాడు, అంతే. తప్పని చెప్పకుండా 13ని 6తో హెచ్చవేయమన్నాను. 78 వచ్చింది. ఆ 78 వంకా, 618 వంకా చూస్తూ పెన్సిల్ నోట్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత మధ్యలో సున్నా తనే ఇరికించాడు. ఒక పాఠం మొత్తం మళ్లీ చెప్పక్కర్లేకుండా పోయింది. మరిచిపోయింది రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సమయం పట్టదని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. కాబట్టి ఎగిరిపోయినవాటి కుప్ప పెద్దగా కనిపించినా హడలిపోకండి.

ఎక్కాలకి, స్పెల్లింగులకి చీటీల పెట్టెలు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు చెప్పిన పద్ధతి ఇది. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. సరిగ్గా చెబితే చీటీ తర్వాతి పెట్టెలోకి, తప్పితే మళ్లీ మొదటి పెట్టెలోకి. ఆయన ఐదు పెట్టెలన్నాడు, మాకు మూడే సరిపోయాయి: ఒకటి రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. ఇక్కడ నా అనుభవం ఒకటి. చీటీలన్నీ తెల్లవే చేసి, నలుగురు పిల్లల పెట్టెలు ఒకే అరలో పెట్టాను. చంటిది ఒక మధ్యాహ్నం అన్నిటినీ నేల మీద కుమ్మరించి, వాటి మీద బోర్లా పడుకుని నిద్రపోయింది. ఎవరి చీటీ ఎవరిదో, ఏది ఏ పెట్టెలోదో విడదీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మీరు మొదటే మూలన పిల్ల రంగు పూయండి, పెట్టె మారినప్పుడల్లా వెనక పెన్సిల్‌తో ఆ పెట్టె అంకె మార్చండి.

పెద్దవాళ్ల చేత చిన్నవాళ్లకి చెప్పించడం కొత్తేమీ కాదు. 1790ల్లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిస్తూ, ముందు నేర్చుకున్న పిల్లల చేత వెనకున్నవాళ్లకి చెప్పించడాన్ని ఒక పద్ధతిగా తయారుచేశాడు. అక్కడి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి ఆ దారి పట్టాడు. నేను కూడా వాడుకున్నాను, అతిగా వాడుకున్నాను. "నేను వాళ్ల అక్కనా, టీచర్నా?" అని పెద్దమ్మాయి ఒకరోజు పుస్తకం మూసేసింది. ఇప్పుడు రోజుకి 15 నిమిషాలకి మించనివ్వను. అదీ తనకి బాగా వచ్చినదే, తను ఎంచుకున్న తమ్ముడికో చెల్లికో.

అన్ని పాఠాలూ ఏడు ముక్కలు చేయక్కర్లేదు. లెక్కలు, చదవడం నేర్పడం మాత్రమే విడివిడిగా. చరిత్ర, సైన్సు, కథ చదివి వినిపించడం అందరికీ ఒకటే, చేసి చూపించేది వేరు. ఎండాకాలం వెళ్లకముందే మొదలుపెట్టడానికి నీడ పాఠం బాగుంటుంది. ఆరుబయట ఒక కర్ర నిటారుగా పాతి, వారానికోసారి అదే రోజున అదే వేళకి నీడ చివర ఒక రాయి పెట్టండి. బుజ్జిగాడు రాయి పెడతాడు, చిన్నది జానలతో కొలుస్తుంది, కవలలు సెంటీమీటర్లలో గ్రాఫ్ గీస్తారు. నీడ పెరుగుతోందా తగ్గుతోందా, ఎందుకు అన్నది పెద్దమ్మాయి రాయాలి. రెండు ఊళ్లలో నీడల కోణం తేడా 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో 50వ వంతు అన్న విషయంతో, ఆ ఊళ్ల మధ్య దూరంతో ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత ఎలా లెక్కగట్టాడో పెద్దోడు మిగతావాళ్లకి వివరించాలి. ఇంతమందికీ నాకు ఒక్కటే ఎర్ర చుక్క.

ఇలాంటి ఉమ్మడి పాఠాలకి వారాలు కట్టకండి. మంగళవారం సైన్సు అని రాస్తే, ఆ మంగళవారమే ముగ్గురికి జ్వరం వస్తుంది. వరసగా రాసి పెట్టుకోండి: చరిత్ర, సైన్సు, బొమ్మలు, భూగోళం, సంగీతం. ఎక్కడ ఆగితే మర్నాడు అక్కడినుంచే. వారానికి నాలుగు రోజులకే పాఠాలు వేసి, ఐదో రోజు ఖాళీగా వదలండి. చిన్నవాళ్లకి పాఠం 20 నిమిషాలు దాటొద్దన్నది ఇంగ్లండ్ విద్యావేత్త ఛార్లెట్ మేసన్ మాట. నూరేళ్ల కిందటి మనిషి, బాగా చెప్పింది.

బట్టలు, చెప్పులు క్లుప్తంగా. కొనే ముందు పిల్లలందర్నీ ఎత్తువారీగా నిలబెట్టి, ఒక్కో మెట్టు కిందికి బట్టలు దించండి. అలా దించాక ఎవరికి ఏం లేదో అవే కొనాల్సినవి. పాదం కొలత సాయంత్రం తీయండి, పొద్దుటి కంటే కాస్త ఉబ్బి ఉంటుంది. కాగితం మీద గీసి కత్తిరించి, పేరు రాసి సంచిలో వేసుకుంటే ఏడుగుర్ని వెంటేసుకుని వెళ్లక్కర్లేదు. అభ్యాస పుస్తకాల్లో జవాబులు రాయనివ్వకండి, విడి నోట్‌బుక్‌లో రాయించండి. మా పెద్దోడు పెన్నుతో నింపేసిన పుస్తకం మిగతా ఎవరికీ పనికిరాలేదు.

మూడో వారం సోమవారం కథ చదివి వినిపించడం ఒక్కటే పెట్టండి. బుధవారం లెక్కలు కలపండి. శుక్రవారం చీటీలు. ఆ తర్వాతి వారం పలక మొత్తం. ఆ మొదటి శుక్రవారం చీటీలు పదిలోపే ఉండాలి. పెట్టెలు అల్మారాలో పై అరలో పెట్టండి, చంటిదానికి కుర్చీ వేసుకున్నా అందనంత పైన.