లైబ్రరీలో పుస్తకం దొరకడం లేదా? ఎక్కడ చిక్కుపడిందో ఇలా చూసుకోండి

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీ కౌంటర్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. "లేదంట మేడం" అనుకుంటూ ఉత్త చేతులతో వెళ్లిపోయే పిల్లల్ని చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చాలాసార్లు పుస్తకం లోపలే ఉంటుంది, వెతికే దారిలోనే ఎక్కడో చిన్న మెలిక పడుతుంది. మా దగ్గర రోజూ కనిపించే మెలికలు ఇవి.

లైబ్రరీ కంప్యూటర్ జాబితా ఓపాక్‌లో పేరు కొడితే సున్నా వస్తోంది

తెలుగు పుస్తకాలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. ఈమధ్య ఎం.ఏ. తెలుగు చదివే ఒకమ్మాయి వచ్చి, సాహిత్య చరిత్ర పుస్తకం ఒక్కటీ లేదంటోందని చెప్పింది. దానికోసం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల దగ్గర మధ్యాహ్నం దాకా తిరిగిందట. ఏం కొట్టావమ్మా అని అడిగితే చూపించింది. 'చరిత్ర' అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో, అందరం రాసినట్టే సి-హెచ్‌తో మొదలుపెట్టింది. నేను హెచ్ తీసేసి మళ్లీ కొట్టాను. స్క్రీన్ నిండా పుస్తకాలు దిగాయి.

పాత రికార్డుల్లో తెలుగు పేర్లను చాలా లైబ్రరీలు రోమన్ లిపిలోనే ఎక్కించాయి. ఆ పద్ధతిలో 'చ'కు సి ఒక్కటే, సి-హెచ్ రాస్తే అది 'ఛ'. దీర్ఘం వస్తే అక్షరాన్ని రెట్టించరు, పైన గీత పెడతారు. 'శ' అయితే ఎస్ మీద చిన్న గుర్తు ఉంటుంది, మనమేమో ఎస్-హెచ్ కొడతాం. తర్వాత వచ్చిన రికార్డులు కొన్ని తెలుగు లిపిలోనే ఉంటాయి. అంటే ఒకే బీరువాలోని పుస్తకాలు ఓపాక్‌లో రెండు లిపుల్లో ఉండొచ్చు.

అందుకే ఒక్కసారి కొట్టి వదిలేయకండి. ముందు తెలుగు లిపిలో చూడండి. రాకపోతే రోమన్‌లో 'చ', 'శ'ల దగ్గర హెచ్ తీసేసి, దీర్ఘాలు రెట్టించకుండా కొట్టండి. పేరంతా కాకుండా మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి పక్కన స్టార్ గుర్తు పెడితే చాలా ఓపాక్‌లు మిగతాది అవే పట్టుకుంటాయి. మన పేర్లలో సమాసాలు ఎక్కువ కాబట్టి రెండు మాటల్ని ఒకసారి కలిపి, ఒకసారి విడదీసి చూడాలి. రచయిత పేరైతే ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి, కలం పేరు ఉంటే దాంతో ఒకసారి. ఇన్ని చేసినా రాకపోతే అప్పుడు లేదనుకోవచ్చు.

ఓపాక్‌లో 'ఉంది' అంటోంది, షెల్ఫ్‌లో లేదు

ముందు కాల్ నంబర్, అంటే షెల్ఫ్‌లో పుస్తకం చోటు చెప్పే నంబర్, సరిగ్గా చదివారా లేదా చూసుకోండి. పుస్తకాలను విషయాలవారీగా అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో తెలుగు సాహిత్యానికి 894.827. దాని పక్కన 1 చేరితే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ. సాహిత్య చరిత్ర అయితే 894.82709. పిల్లలు పొరపాటు పడేది ఇక్కడే. చుక్క తర్వాత ఉన్నదాన్ని మొత్తం ఒక పెద్ద సంఖ్యలా చదివి, 82709 పెద్దది కాబట్టి 8271 దాటాక ఉంటుందనుకుని వరస చివర్లో వెతుకుతారు. అలా కాదు, ఒక్కో అంకెనే పోల్చాలి. 827 తర్వాత ఒకదాంట్లో సున్నా ఉంది, ఇంకోదాంట్లో ఒకటి. సున్నా ముందు. కాబట్టి చరిత్ర పుస్తకాలు కవిత్వం కంటే ముందే ఉంటాయి. అంకెలన్నీ ఒకటే అయితే వాటి కింద ఉన్న అక్షరాల వరస చూడాలి.

నంబర్ సరిపోయినా పుస్తకం లేకపోతే ఆ అరలో పైన, కింద ఒక్కో వరస చూడండి. పుస్తకాల వెనక సందులోకి కూడా ఒకసారి చేయిపెట్టండి. పలచటి తెలుగు పుస్తకాలు అక్కడికి జారిపోతుంటాయి. తర్వాత రీడింగ్ హాల్ టేబుళ్లు, వాపసు వచ్చిన పుస్తకాల ట్రాలీ. పరీక్షల రోజుల్లో ట్రాలీ దగ్గరే సగం పుస్తకాలు దొరుకుతాయి. లొకేషన్ అన్నచోట రిఫరెన్స్ అని ఉంటే అది వేరే గదిలో ఉంటుంది, ఇంటికివ్వరు. ఎక్కడా కనిపించకపోతే అక్సెషన్ నంబర్ (ఒక్కో కాపీకి విడిగా ఉండే నంబర్) కాగితం మీద రాసి కౌంటర్లో ఇవ్వండి. పుస్తకం పేరు కంటే మాకు ఆ నంబరే ఉపయోగం, ఒకే పుస్తకం కాపీలు నాలుగున్నా ఏది పోయిందో తెలుస్తుంది.

క్యాంపస్‌లో తెరుచుకున్న జర్నల్, బయట రూముకెళ్లి తెరిస్తే డబ్బు అడుగుతోంది

పబ్లిషర్ వెబ్‌సైట్ గుర్తుపట్టేది మిమ్మల్ని కాదు, క్యాంపస్ నెట్‌వర్క్ అడ్రస్‌ని. మొబైల్ డేటా ఆన్ చేయగానే మీరు దానికి బయటివాళ్లే. క్యాంపస్ వైఫైలో ఉన్నా ఫోన్‌లో ఆ అడ్రస్‌ని మార్చేసే వీపీఎన్ యాప్ నడుస్తుంటే అదే పరిస్థితి. ముందు దాన్ని ఆపండి.

బయటి నుంచి కావాలంటే లైబ్రరీ ఇచ్చిన రిమోట్ లాగిన్‌తోనే వెళ్లాలి. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ అనే లాగిన్ ఏర్పాటులో చేరిన యూనివర్సిటీ అయితే, జర్నల్ పేజీలో సంస్థ ద్వారా లాగిన్ అనే చోట నొక్కి, యూనివర్సిటీ పేరు ఎంచుకుని లోపలికి వెళ్లొచ్చు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం మొదలయ్యాక ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మీ జర్నల్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు గురించి ఆలోచించండి. దయచేసి సొంత డబ్బు కట్టొద్దు, ముందు మమ్మల్ని అడగండి.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ పెట్టి వందల పీడీఎఫ్‌లు ఒకేసారి దించుకుంటే పబ్లిషర్ క్యాంపస్ మొత్తానికి తలుపు మూసేస్తాడు. రేపు థీసిస్ ఇవ్వాల్సినవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సీనియర్ల థీసిస్ చూడనివ్వడం లేదు

చాలావాటికి లైబ్రరీ దాకా రానక్కర్లేదు. మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. టాపిక్ పేరుతో దొరక్కపోతే గైడ్ పేరుతోనో, యూనివర్సిటీ, డిపార్ట్‌మెంట్ వరసలోనో వెతకండి. ఫైళ్లు అధ్యాయాలుగా విడివిడిగా ఉంటాయి కాబట్టి మొదటి ఫైల్ చూసి ఇంతేనా అనుకోవద్దు.

పాత తెలుగు పుస్తకం క్యాంపస్‌లో నిజంగానే లేదు

అలాంటప్పుడు ఊళ్లోకి వెళ్లాలి. ఇందులో హైదరాబాద్ పిల్లలు అదృష్టవంతులు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కన 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజార్‌లో, సుందరయ్య విజ్ఞాన కేంద్రం బాగ్‌లింగంపల్లిలో ఉన్నాయి. ఐడీ కార్డు పెట్టుకుని, పుస్తకం పూర్తి వివరాలు రాసుకుని వెళ్లండి. బయల్దేరే ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూడండి, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు అక్కడ చాలా ఉన్నాయి.

నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) ఆగిపోయింది, నేను వాపసిచ్చిన పుస్తకం నా పేరు మీదే ఉంది

పుస్తకం కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయి ఉంటారు. దాన్ని స్కాన్ చేయకుండానే ఎవరో షెల్ఫ్‌లో సర్దేసి ఉంటారు. ముందు షెల్ఫ్‌కి వెళ్లి, ఆ అక్సెషన్ నంబర్ ఉన్న కాపీయే వెతికి పట్టుకురండి, రికార్డు అక్కడికక్కడే సరిచేస్తాం. ఇకమీదట పుస్తకం ఇచ్చాక స్కానర్ మోగేదాకా నిలబడి, మీ అకౌంట్లోంచి పేరు పోయిందో లేదో ఫోన్‌లో చూసుకున్నాకే కదలండి.